పాత బేస్‌బాల్ కార్డులు: ఏం కొనాలి, ఎలా చూడాలి, గ్రేడింగ్‌కి ఎప్పుడు పంపాలి

పాత బేస్‌బాల్ కార్డు కొనేముందు ఒక భూతద్దం కొనండి. నగల షాపుల్లో రాళ్లు చూడటానికి కంటికి ఆనించుకుంటారే, అదే, పది రెట్లు పెద్దది చేసి చూపించేది. నేను అది లేకుండానే మొదలుపెట్టాను. 2014లో ఒక కార్డ్ షోలో 1971లో టాప్స్ కంపెనీ వేసిన రాబర్టో క్లెమెంటే అనే ఆటగాడి కార్డు, 630వ నంబరు, 180 డాలర్లు పెట్టి కొన్నాను. ఆ ఏడాది కార్డులకి చుట్టూ నల్ల బార్డర్ ఉంటుంది, కాస్త రాపిడి తగిలితే చాలు లోపలి తెల్ల అట్ట బయటపడుతుంది. అలాంటిది నలభై ఏళ్లు దాటిన కార్డులో ఒక్క తెల్ల చుక్క కూడా లేకపోయేసరికి ఎంత జాగ్రత్తగా దాచారో అని మురిసిపోయాను. గ్రేడింగ్‌కి, అంటే కార్డు అసలుదేనా, ఎంత బాగుంది అని చూసి 1 నుంచి 10 లోపు అంకె వేసి ప్లాస్టిక్ పెట్టెలో మూసిచ్చే కంపెనీకి, పంపితే అంకె రాకుండా తిరిగొచ్చింది, అంచులకి ఎవరో రంగు వేశారన్నది కారణం. అప్పుడు భూతద్దం తెప్పించుకుని చూశాను. అచ్చు సిరా మట్టసంగా నల్లగా ఉంది, మార్కర్ సిరా మాత్రం కొంచెం ఊదా రంగు కొడుతూ, అట్ట పీచులోకి ఇంకిపోయి, అంచు మీద నుంచి వెనక్కి కూడా పాకి ఉంది. ఒక్క నిమిషం చూసి ఉంటే దొరికిపోయేది.

అందుకే ఇందులో ధరల గురించి తక్కువ, చూపు గురించి ఎక్కువ రాస్తున్నాను. గ్రేడింగ్ కంపెనీ చేసే పనిలో చాలా భాగం మీ వంటగది బల్ల మీద మీరే చేసుకోగలరు. అది చేతకాకుండా ప్లాస్టిక్ పెట్టె మీద అంకె చూసి కొనేవాళ్లు, ఆ అంకె తప్పయినప్పుడు ఏమీ చేయలేరు.

ఏది పాతది

వింటేజ్ అంటే ఎప్పటివరకు అన్నదానికి గట్టి గీత ఏమీ లేదు, ఎక్కువమంది 1980 దగ్గర ఆపుతారు. 1956లో టాప్స్ తన పోటీదారు బోమన్‌ని కొనేసింది, అప్పటినుంచి 1981లో ఫ్లీర్, డాన్‌రస్ వచ్చేదాకా దాదాపు టాప్స్ ఒక్కదానిదే రాజ్యం. ఆ తర్వాత, ముఖ్యంగా 80ల చివర, 90ల మొదట్లో, కార్డులు లెక్కాపత్రం లేకుండా అచ్చేశారు, ఆ కాలానికి జంక్ వ్యాక్స్ అని పేరే పడిపోయింది. "అన్నా, గరాజ్ సేల్‌లో 1989 కార్డుల పెట్టె దొరికింది, ఎంతొస్తుంది?" అని తెలిసినవాళ్లు ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అప్పర్ డెక్ అనే కంపెనీ వేసిన కెన్ గ్రిఫీ జూనియర్ లాంటి కొద్ది కార్డులు తప్పిస్తే, పిల్లలకి ఇచ్చేయండి, హాయిగా ఆడుకుంటారు.

అసలు ఈ కార్డులు సిగరెట్ పెట్టెల్లో మొదలయ్యాయి. మన చిన్నప్పుడు అగ్గిపెట్టెల మీద బొమ్మలు చింపి దాచుకున్నట్టే, అక్కడి పిల్లలు పెద్దవాళ్ల వెంటపడి సిగరెట్ కార్డులు అడిగి తీసుకునేవాళ్లు. 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన సెట్‌ని టీ206 అంటారు, 520 పైచిలుకు కార్డులు, ఒక్కోటి సుమారు ఒకటిన్నర అంగుళాల వెడల్పు, రెండున్నరకి కాస్త ఎక్కువ పొడుగు. ఆ పేరు కంపెనీ పెట్టింది కాదు. జెఫర్సన్ బర్డిక్ అనే సేకర్త అమెరికన్ కార్డులన్నిటికీ ఒక జాబితా తయారుచేసి, పొగాకు కార్డులకి టీ అక్షరం ఇచ్చాడు, ఆయన సేకరణ ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఈ సెట్‌లోదే హోనస్ వాగ్నర్ కార్డు. తన బొమ్మ వాడొద్దని ఆయన అభ్యంతరం చెప్పడంతో అచ్చు మధ్యలో ఆపేశారని చెబుతారు. పొగాకుతో పిల్లల్ని ఆకర్షించడం ఇష్టంలేక అని కొందరు, డబ్బివ్వలేదని అని కొందరు అంటారు. మిగిలినవి అరవైకి కాస్త అటూ ఇటూ, 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్లకి అమ్ముడైంది.

తర్వాత బబుల్ గమ్ కాలం. గౌడీ అనే గమ్ కంపెనీ 1933 సెట్‌లో 240 నంబర్లు, బేబ్ రూత్‌కే నాలుగు కార్డులు. 106వ నంబరు మాత్రం ఆ ఏడాది వేయనే లేదు, పిల్లలు దాని కోసం గమ్ కొంటూనే ఉన్నారు, కంపెనీకి రాసి అడిగినవాళ్లకి మరుసటి ఏడాది నెపోలియన్ లాజోయ్ బొమ్మతో పంపారు. ఇక 1952 టాప్స్, 407 కార్డులు. అందులో 311 నుంచి చివరిదాకా ఉన్న నంబర్లు సీజన్ ఆఖర్లో వచ్చాయి, అప్పటికే పిల్లల ధ్యాస ఫుట్‌బాల్ మీదికి పోయింది, సరుకు మిగిలిపోయింది. టాప్స్‌లో పనిచేసిన సై బెర్గర్ 1960లో ఆ మిగిలిన పెట్టెల్ని పడవలో తీసుకెళ్లి అట్లాంటిక్‌లో పడేయించానని తానే చెప్పాడు. ఆ 311వ నంబరే మికీ మాంటిల్. 2022 ఆగస్టులో ఒకటి కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. అయితే మాంటిల్ తొలి కార్డు ఇది కాదు, 1951 బోమన్ 253వ నంబరు. తెలియనివాళ్లకి 1952దే రూకీ, అంటే తొలి కార్డు, అని చెప్పి అమ్మేవాళ్లున్నారు, గుర్తుపెట్టుకోండి.

ఒక దారి పట్టుకోండి

కోట్ల కార్డుల కబుర్లు వినడానికే బాగుంటాయి. మనలాంటి జీతం మనుషులకి దారి వేరు. ఏది కనిపిస్తే అది కొంటే రెండేళ్లకి మూడు పెట్టెలు నిండుతాయి, ఒక్కదాని మీదా ప్రేమ ఉండదు. ఒక సెట్, ఒక టీమ్, ఒక ఆటగాడు, ఏదో ఒకటి ఎంచుకోండి.

నేను క్లెమెంటేని ఎంచుకున్నాను. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లినప్పుడల్లా సాయంత్రం ఊళ్లోకి వెళ్లేవాళ్లం, బాల్‌పార్క్ పక్కన ఉన్న వంతెనకి ఆయన పేరు ఉంటుంది. ఎవరని ఒకసారి చదివాను. ప్యూర్టోరికో నుంచి వచ్చి పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కి 18 సీజన్లు ఆడి, సరిగ్గా 3,000 హిట్లు కొట్టి, 1972 డిసెంబరు 31న నికరాగ్వా భూకంప బాధితులకి సాయం తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో పోయాడు. ఆ తర్వాత ఇంకెవరి కార్డూ నాకు అంత ముఖ్యం కాలేదు.

ఈ సేకరణలో ఒక సౌకర్యం ఉంది. 1955 నుంచి 1973 వరకు టాప్స్ ఏటా ఆయనకి ఒక ప్రధాన కార్డు వేసింది, మొత్తం 19. మొదటిది 164వ నంబరు, అదే ఖరీదైనది, దాన్ని ఆఖరికి పెట్టుకోండి. చివరిది 1973లో 50వ నంబరు, ఆయన పోయాక వచ్చింది. 60ల నడిమి కార్డులు, మూలలు అరిగినవి, ఒక కుటుంబం రెస్టారెంట్‌లో తినే ఖర్చుతో దొరుకుతాయి. చాలా ఏళ్లపాటు టాప్స్ ఆయన పేరుని బాబ్ క్లెమెంటే అని అచ్చేసింది, ఆయనకి అది ఇష్టం లేదు. 1970 కార్డు మీద మళ్లీ రాబర్టో అని కనిపించినప్పుడు నాకు సొంత మనిషికి న్యాయం జరిగినంత సంతోషం వేసింది. మన పేర్లని కూడా ఇక్కడ అమెరికాలో ఎన్ని రకాలుగా కత్తిరిస్తారో తెలుసు కదా.

ఆటగాడి మీద ఆసక్తి లేకపోతే ఏదో ఒక ఏడాది టాప్స్ సెట్ తీసుకోండి, అయితే ఒక సంగతి చూసుకోవాలి. 1973 వరకు కార్డులు సీజన్ పొడుగునా విడతలు విడతలుగా వచ్చేవి, చివరి విడత తక్కువ అచ్చయ్యేది. 1967లో 534 నుంచి, 1972లో 657 నుంచి ఉన్న నంబర్లు అందుకే ఖరీదు. 1974 నుంచి మొత్తం సెట్ ఒకేసారి వచ్చింది, కాబట్టి మొదటిసారి సెట్ పూర్తి చేయాలనుకునేవాళ్లకి 70ల మధ్య ఏళ్లు తేలిక.

చూడటం

మొదట పెద్ద పేరులేని ఆటగాళ్ల కార్డులు, వీటిని కామన్స్ అంటారు, ఒక పాతిక ముప్ఫై చవగ్గా కొనండి. ఒకే ఏడాదివైతే ఇంకా మంచిది. ఇవి మీ పాఠ్యపుస్తకం. అసలు అట్ట ఎంత మందం, వెనక ఏ రంగు, అచ్చు ఎలా ఉంటుంది అనేవి చేతికి, కంటికి అలవాటైతే దొంగది చేతిలోకి రాగానే ఏదో తేడాగా అనిపిస్తుంది. భూతద్దం కాక మిల్లీమీటర్ల గీతలున్న మంచి స్కేలు, మెడ వంచుకునే టేబుల్ లైటు, ఒక చిన్న యూవీ లైటు, మెత్తటి ప్లాస్టిక్ స్లీవ్‌లు చాలు. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. గ్లవ్స్ నేను వాడను, వాటితో పట్టు దొరక్క మూలలు తగులుతాయి.

మొదట సెంటరింగ్. బొమ్మ చుట్టూ ఉన్న బార్డర్ ఎడమవైపు ఎంత, కుడివైపు ఎంత అని కొలవండి, తర్వాత పైనా కిందా. ఎడమ 3 మిల్లీమీటర్లు, కుడి 2 అనుకుందాం, మొత్తం 5, అంటే 60/40. ఎడమ రెండున్నర, కుడి ఒకటిన్నర అయితే 62.5/37.5. పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ కంపెనీ లెక్కలో ముందువైపు 9కి 60/40, 8కి 65/35, 7కి 70/30 లోపల ఉండాలి, 10కి ఇప్పుడు 55/45. పైకీ కిందకీ ఒక లెక్క, పక్కలకి ఒక లెక్క వస్తే ఏది అధ్వానంగా ఉందో దాన్నే తీసుకోండి. ఆ రోజుల్లో పెద్ద షీటు అచ్చేసి కత్తిరించేవాళ్లు, ఎవరూ మిల్లీమీటర్లు చూసుకోలేదు, కాబట్టి మూలలు కొత్తవాటిలా ఉండి బొమ్మ పక్కకి జరిగిన కార్డులు బోలెడు కనిపిస్తాయి.

తర్వాత మూలలు. నాలుగూ విడివిడిగా, ముందూ వెనకా, మొత్తం ఎనిమిది చూపులు. సూదిమొనలా ఉందా, మొన మీద పీచు లేచిందా, గుండ్రంగా అరిగిందా, అట్ట పొరలుగా విడిపోయిందా. పిల్లలు వరసపెట్టి రబ్బరు బ్యాండు వేసి దాచేవాళ్లు, కట్టలో పైనా కిందా ఉన్న కార్డులు దెబ్బతినేవి. అందుకే 1952 టాప్స్ సెట్‌లో ఒకటో నంబరు, ఆండీ పాఫ్కో అనే ఆటగాడిది, మంచి స్థితిలో దొరకడం చాలా కష్టం, ధర కూడా అతని పేరుకి సంబంధం లేనంత ఉంటుంది.

అంచుల్ని ఏడాదిని బట్టి చూడాలి. 1971లో నల్ల బార్డర్ సంగతి చెప్పాను. 1962లో చెక్క మీద గీతల్లాంటి గోధుమరంగు బార్డర్, మూలల్లో తెల్లగా పొట్టు రేగడం ఇట్టే కనిపిస్తుంది. 1963లో కింద ఉన్న రంగు పట్టీ దగ్గర చూడండి. 1968 కార్డులు గోనెసంచి గుడ్డలాంటి బార్డర్‌తో ఉంటాయి, చిన్న దెబ్బలు ఆ గీతల్లో దాక్కుంటాయి, కాబట్టి ఫోటో చూసి మోసపోయేది ఎక్కువగా ఈ ఏడాదివే. 1975లో ఒక్కో బార్డర్‌కి రెండు రంగులు, అవీ త్వరగా చిట్లుతాయి.

ఉపరితలం చూడటానికి గదిలో లైట్లు తీసేసి ఒక్క టేబుల్ లైటు ఉంచండి. కార్డుని పళ్లెంలో నీళ్లు తొణకకుండా వంచినట్టు మెల్లగా ఇటూ అటూ వంచుతూ చూడాలి. ఎదురుగా చూస్తే కనపడని మడత, వెలుగు ఏటవాలుగా పడినప్పుడు గీతలా మెరుస్తుంది. ముందువైపు ఏమీ లేకుండా వెనక మాత్రమే చిన్న ముడత ఉండే కార్డులు చాలా ఉంటాయి, అమ్మేవాళ్ల ఫోటోల్లో అది ఎప్పుడూ రాదు. సన్నటి ముడత ఒక్కటి ఉన్నా, మిగతా అంతా ఎంత బాగున్నా, గ్రేడు మధ్యకి పడిపోతుంది. అచ్చు చుక్కలు, మైనం మరకలు, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోక బొమ్మ మసకగా ఉండటం, ఇవన్నీ కూడా లెక్కలోకి వస్తాయి.

వెనకవైపు మర్చిపోవద్దు. గమ్ అంటుకున్న మరక, ఆల్బమ్‌లో జిగురుతో అతికించి పీకినప్పుడు ఊడిన కాగితం, పిల్లాడు పెన్సిల్‌తో రాసుకున్న పేరు, ఇవి వెనకే ఉంటాయి. సెట్‌లోని నంబర్ల జాబితా ఉండే చెక్‌లిస్ట్ కార్డుల్లో పిల్లలు తమ దగ్గరున్న నంబర్ల పక్కన టిక్కులు పెట్టుకునేవాళ్లు, దానికోసమే ఇచ్చిన కార్డు కదా, అందుకే గీత పడని చెక్‌లిస్ట్‌కి మంచి ధర ఉంది.

ఇంత చూశాక మీ అంచనా గ్రేడుని ఒక పుస్తకంలో రాయండి, గ్రేడ్ అయి వచ్చాక పక్కన అసలు అంకె రాయండి. మొదట్లో నేను ప్రతిసారీ రెండు గ్రేడ్లు ఎక్కువ వేసేవాణ్ణి. ఏడాది పట్టింది సరిపడటానికి.

దొంగవి, మరమ్మతు చేసినవి

మొత్తానికే నకిలీ కార్డు కంటే, అసలు కార్డుకే మరమ్మతు చేసినది ప్రమాదకరం. అన్నిటికంటే ఎక్కువ జరిగేది కత్తిరింపు. అరిగిన మూలలు పోయేలా అంచుని దారమంత సన్నగా కోసేస్తారు. 1957 నుంచి టాప్స్ కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర పొడుగు, 1952 నుంచి 56 వరకు ఉన్నవి కాస్త పెద్దవి, 2.625 వెడల్పు, 3.75 పొడుగు. కొలత తగ్గితే అనుమానించండి, అయితే ఆనాటి కోతలోనే తేడాలుండేవి కాబట్టి కొలత ఒక్కటే సాక్ష్యం కాదు. మీ పాతిక కామన్స్ ఇక్కడే పనికొస్తాయి. వాటి మధ్యలో ఈ కార్డుని పెట్టి, పేకముక్కల్లా బల్ల మీద తట్టి నిలబెట్టి, అంచుల వరసని చూడండి. మిగతా వాటి అంచు పాతబడి పసుపు తిరిగి కొంచెం గరుకుగా ఉంటే, ఒక్కదాని అంచు మాత్రం తెల్లగా, బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉంటే దాన్ని వదిలేయండి. ఒక వైపు మధ్యలో కొంచెం లోపలికి వంపు తిరిగినా అంతే.

రంగు వేయడం గురించి చెప్పేశాను. మూల మళ్లీ కట్టడం ఇంకోటి, కాగితపు గుజ్జు పెట్టి మొన తయారుచేస్తారు. యూవీ లైటు కింద అతికించిన భాగం మిగతా కార్డుకంటే వేరే రంగులో వెలుగుతుంది. మడతని తడిపి, బరువు పెట్టి, ఇస్త్రీ చేసినట్టు అణచేవాళ్లూ ఉన్నారు. దీన్ని పట్టుకోవడం కష్టం, కార్డు మామూలుకంటే పల్చగా, ఉపరితలం మెరుపు అక్కడక్కడ చచ్చినట్టుగా ఉంటుంది.

పూర్తి నకిలీకి రెండు పరీక్షలు. భూతద్దంలో ఆటగాడి పేరు అక్షరాలు చూడండి. టాప్స్ అసలు కార్డుల్లో నల్ల అక్షరం గట్టిగా, నిండుగా ఉంటుంది, ఫోటో తీసి మళ్లీ అచ్చేసిన దాంట్లో అక్షరం కూడా చిన్న చిన్న చుక్కలతో కట్టినట్టు కనిపిస్తుంది. రెండోది యుద్ధానికి ముందటి కార్డులకి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు రెండో ప్రపంచయుద్ధం తర్వాతే వాడకంలోకి వచ్చాయి, కాబట్టి 1910 కార్డని చెప్పేది యూవీ కింద నీలం తెలుపుగా వెలిగిపోతుంటే అది 1910ది కాదు. ఎక్కువ నకిలీలు వచ్చేది అందరికీ తెలిసిన కార్డులకే. బేబ్ రూత్ గౌడీలు, మాంటిల్, 1963లో నలుగురు బొమ్మలతో వచ్చిన పీట్ రోజ్ 537వ నంబరు, ఇవి గ్రేడ్ చేయనివి కొనొద్దు. 1983లో టాప్స్ తానే 1952 సెట్‌ని తిరిగి అచ్చేసింది, అవి ఇప్పటి సైజులో చిన్నవి, వెనక రీప్రింట్ అని రాసే ఉంటుంది. వాటిని వెనకవైపు ఫోటో పెట్టకుండా అమ్మేవాళ్లని చాలామందిని చూశాను.

గ్రేడింగ్

పెద్ద పేర్లు మూడు. 1991లో మొదలైన పీఎస్‌ఏ, 1998లో వచ్చిన ఎస్‌జీసీ, 1999 నుంచి బెకెట్. అందరిదీ 1 నుంచి 10 కొలమానమే. పీఎస్‌ఏ వేసిన అంకెకి మార్కెట్‌లో ఎక్కువ ధర వస్తుంది, అమ్మే ఉద్దేశం ఉంటే సాధారణంగా దాన్నే పట్టుకుంటారు. ఎస్‌జీసీ నల్ల చట్రంలో పాత కార్డు అందం వేరుగా ఉంటుంది, టీ206 సేకరించేవాళ్లకి అదంటే ప్రాణం, నాకూ అదే ఇష్టం. 2024లో పీఎస్‌ఏ మాతృసంస్థే ఎస్‌జీసీని కొనేసింది. అంకె పక్కన ఓసీ లాంటి అక్షరాలుంటే ఒక లోపాన్ని విడిగా చెప్పారని అర్థం, ఓసీ అంటే సెంటరింగ్ తప్పింది, ఎంకే అంటే రాత ఉంది, ఎస్‌టీ అంటే మరక. 8 ఓసీ అని ఉన్నదాన్ని 8 అనుకుని కొనకండి, దాదాపు రెండు గ్రేడ్ల కింద ధర దానిది.

అంకెని ఎంత నమ్మాలో చెప్పడానికి ఒక్క కార్డు చాలు. పీఎస్‌ఏ 1991లో మొట్టమొదట గ్రేడ్ చేసింది ఒక హోనస్ వాగ్నర్ కార్డుని, హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్కీ దాని యజమానుల్లో ఒకడు, 8 వేశారు. దాన్ని అంతకుముందు అమ్మిన వేలందారు బిల్ మాస్ట్రో, ఆ కార్డు అంచులు తానే కత్తిరించానని 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. ఇప్పుడు గ్రేడింగ్ అప్పటికంటే చాలా మెరుగు, నిపుణుల చేతుల్లో రోజూ వందల కార్డులు తిరుగుతాయి, మనకంటే వాళ్లకి ఎక్కువ తెలుసు. అయినా కొన్న ప్రతి స్లాబ్‌నీ, అంటే గ్రేడు వేసి మూసిన ప్లాస్టిక్ పెట్టెనీ, నేను స్కేలుతో, భూతద్దంతో మళ్లీ చూస్తాను. ఒకే 5 గ్రేడులో ఒకటి సెంటరింగ్ బాగుండి మూలలు అరిగినది, ఇంకోటి మూలలు పదునుగా ఉండి బొమ్మ పక్కకి జారినది ఉంటాయి, గోడ మీద పెట్టుకుని చూసుకునేది మీరు కాబట్టి మీ కంటికి ఏది బాగుందో అది తీసుకోండి. నా దగ్గరున్న 1966 క్లెమెంటే 3వ గ్రేడే, వెనక ముడత ఉంది. ముందువైపు చూస్తే ఇంకెవరి 6వ గ్రేడూ దానికి సాటిరాదు.

అన్నిటినీ పంపొద్దు. ఫీజు కార్డు విలువని బట్టి పెరుగుతుంది, రానూపోనూ షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలపండి. గ్రేడ్ అయ్యాక పలికే ధరలోంచి ఇప్పటి ధర తీసేస్తే మిగిలేది ఆ మొత్తం ఖర్చుకి రెండు రెట్లయినా లేకపోతే నేను పంపను, అదీ నా అంచనా గ్రేడుకంటే ఒకటి తగ్గించి లెక్క వేసుకున్నాక. ఎంతో ఇష్టమైన కార్డో, నకిలీ అనుమానం తీరాల్సిన కార్డో అయితే ఈ లెక్క పక్కన పెట్టొచ్చు.

పంపేటప్పుడు మెత్తటి స్లీవ్‌లో పెట్టి, దాన్ని కార్డ్ సేవర్ అనే పల్చటి, కొంచెం వంగే కవరులోకి జార్చండి. టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ కవరులోంచి కార్డు తీయడం గ్రేడర్లకి కష్టం, తీసేటప్పుడే మూల దెబ్బతినొచ్చు. కవర్లని రెండు అట్టముక్కల మధ్య పెట్టి, జిగురు వదలని పెయింటర్ల నీలం టేపు వేయండి, మామూలు సెల్లోటేపు వద్దు. పెట్టె ఊపితే లోపల చప్పుడు రాకూడదు. మూసేముందు ప్రతి కార్డుకి రెండువైపులా ఫోటో తీయండి.

కొనేచోటు

ఈబేలో అడిగే ధరలు చూడకండి, అమ్ముడైన ధరలు చూపించే ఫిల్టర్ ఉంది, గత మూడు నెలల్లో అదే గ్రేడు ఎంతకి పోయిందో నాలుగైదు చూసి మధ్యలోది తీసుకోండి. వేలం సంస్థల్లో పాడిన ధర మీద కొనుగోలుదారుడి ప్రీమియం విడిగా కట్టాలి, చాలాచోట్ల 20 శాతం దాటుతుంది, ముందే లెక్కలో వేసుకోండి. అన్నిటికంటే మంచిది చేత్తో పట్టుకుని చూడగలిగే షోలు. నేషనల్ స్పోర్ట్స్ కలెక్టర్స్ కన్వెన్షన్ ఏటా వేసవిలో జరుగుతుంది, చాలాసార్లు షికాగో పక్కన రోజ్‌మాంట్‌లో. భూతద్దం జేబులో పెట్టుకెళ్లండి, "తీసి చూడొచ్చా" అని అడగండి. మంచి డీలరు తానే తీసి చేతికిస్తాడు, విసుక్కునేవాడి బల్ల దగ్గర ఆగకండి. రెండు మూడు కార్డులు కలిపి తీసుకుంటే బేరం ఆడొచ్చు, ఆదివారం మధ్యాహ్నం, వాళ్లు సర్దుకునే వేళకి, ఇంకా బాగా తగ్గుతారు.

ఇంటికి తెచ్చాక

అటకలో, బేస్‌మెంట్‌లో పెట్టొద్దు, ఒకచోట వేడి, ఒకచోట చెమ్మ. మనుషులుండే గదిలో, ఎండ పడని అలమారాలో, నిలబెట్టి ఉంచండి. ఫోల్డర్ షీట్లు పీవీసీ లేనివే కొనండి, పాత పీవీసీ షీట్లు కాలం గడిస్తే జిడ్డుగా మారి కార్డుకి అంటుకుంటాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం గాలి ఊళ్లలో దాచేవాళ్లు గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వాటిని మారుస్తూ ఉండాలి.

ఒక స్ప్రెడ్‌షీట్ పెట్టుకోండి. ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకి కొన్నారు, గ్రేడింగ్‌కి ఎంతైంది, స్లాబ్ మీది సర్టిఫికెట్ నంబరు ఏది. ఏడాదికి పైగా ఉంచి లాభానికి అమ్మితే అమెరికాలో ఫెడరల్ పన్ను 28 శాతం దాకా పడొచ్చు, షేర్లకి ఉన్న తక్కువ రేటు వీటికి వర్తించదు, ఖర్చు రుజువులు లేకపోతే నష్టం మీదే. ఇంటి ఇన్సూరెన్స్‌లో ఇలాంటి సేకరణలకి పరిమితి తక్కువగా ఉండొచ్చు, ఏజెంటుని అడగండి. ఆ షీటు ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.

రంగు వేసిన ఆ 1971 క్లెమెంటేని నేను అమ్మలేదు, నా ఫోల్డర్‌లో మొదటి పేజీలో ఉంది. కొత్తగా మొదలుపెడతామని ఇంటికొచ్చినవాళ్లకి భూతద్దం చేతికిచ్చి, ఇందులో తప్పేంటో చెప్పమని అదే ముందు చూపిస్తాను. పోయిన దసరాకి మా అబ్బాయి స్నేహితుడు, పదకొండేళ్లవాడు, అర నిమిషంలో కింది ఎడమ మూల మీద వేలు పెట్టాడు.